చూపు చేతిని లాగుతుంది: కాణిపాకం గుంజీళ్ల నుంచి అలిపిరి మెట్ల దాకా

కాణిపాకం గుళ్లో వరసిద్ధి వినాయకుడి దర్శనం చేసుకుని బయటికొచ్చే వాళ్లను కాసేపు గమనిస్తే ఈ దృశ్యం కంటపడకుండా ఉండదు. ఒక అవ్వ గుంజీళ్లు తీస్తుంటుంది. ఎదురుగా నాలుగేళ్ల మనవడు. కుడి చేత్తో ఎడమ చెవి, ఎడమ చేత్తో కుడి చెవి పట్టుకుని ఆమె వంగి లేస్తుంటే వాడూ వంగి లేస్తాడు. చేతులు మాత్రం అడ్డంగా దాటవు. కుడి చెయ్యి కుడి చెవిని, ఎడమ చెయ్యి ఎడమ చెవిని పట్టుకుంటాయి. "అట్ల కాదు నాయనా, ఇట్ల చూడు" అని అవ్వ మళ్లీ చూపిస్తుంది. వాడు కళ్లు విప్పార్చి చూస్తాడు. చూసి, మళ్లీ ముందులాగే పట్టుకుంటాడు.

పిల్లాడు సరిగ్గా చూడలేదని పెద్దవాళ్లు అనుకుంటారు. వాడు చూశాడు. అయితే వాడు చూసింది చేతిని కాదు, చెవిని. 2000లో హెరాల్డ్ బెక్కరింగ్, ఆండ్రియాస్ వోల్‌ష్లేగర్, మెరిడిత్ గాటిస్ అనే ముగ్గురు పరిశోధకులు ఇంకా పెద్ద బడికి వెళ్లని పిల్లలతో దాదాపు ఇదే ఆట ఆడించారు. పెద్దమనిషి ఎదురుగా కూర్చుని ఒక చేత్తో తన చెవి పట్టుకుంటాడు. ఒకసారి ఆ పక్క చెవినే, ఇంకోసారి చెయ్యి అడ్డంగా దాటించి అవతలి చెవిని. తను చేసినట్టే చెయ్యమని పిల్లలకు చెబుతాడు. ఏ చెవి అన్నదాంట్లో పిల్లలు పెద్దగా తప్పు చెయ్యలేదు. తప్పంతా చెయ్యి దగ్గర వచ్చింది. దూరం చెయ్యి దాటి రావాల్సిన చోట, ఆ చెవికి దగ్గరున్న చేతినే వాడేశారు.

ఎదుటి మనిషి చేసిన పనిని పిల్లాడి మెదడు ఫొటో తీసినట్టు మొత్తంగా పట్టుకోవడం లేదు. దాన్ని రెండు ముక్కలు చేస్తోంది. ఎక్కడికి చేరాలి అన్నది ఒకటి, ఎలా చేరాలి అన్నది ఇంకొకటి. మొదటిదాన్ని గట్టిగా పట్టుకుని, రెండోదాన్ని తన ఒంటికి సులువైన దారిలో నింపుకుంటోంది. ఈ ప్రయోగంలో రెండో భాగం కూడా ఉంది. ఆ అవ్వకు పనికొచ్చే సంగతి అందులోనే ఉంది. దాని దగ్గరికి చివర్లో వద్దాం.

ఇక్కడ పిల్లాడు కావాలనే అనుకరిస్తున్నాడు, అయినా అనుకరణ పూర్తిగా కుదరడం లేదు. దీనికి సరిగ్గా తిరగబడిన సంగతి ఒకటుంది. అనుకరించాలన్న ఆలోచన ఏ కోశానా లేకపోయినా ఒళ్లు దానంతటది కదిలిపోవడం. పసిబిడ్డకు గోరుముద్ద పెట్టే తల్లిని చూడండి. బిడ్డ నోరు తెరిచే వేళకు ఆమె నోరూ కాస్త తెరుచుకుంటుంది. ఆ విషయం ఆమెకు తెలియదు కూడా. వీధి చివర పిలకాయలు గోలీలాడుతుంటే అరుగు మీద కూర్చుని చూసే ముసలాయన బొటనవేలు, గురి చూసే పిల్లాడి బొటనవేలితో పాటు బిగుసుకుంటుంది.

దీనికి ఒక పేరు పెట్టి నూట డెబ్బై ఏళ్లు దాటింది. 1852లో ఇంగ్లండ్‌కు చెందిన శరీరశాస్త్రజ్ఞుడు విలియం కార్పెంటర్, మనసులో మెదిలిన ఊహే సంకల్పంతో పని లేకుండా కండరాన్ని కదిలించగలదని చెప్పి దానికి ఐడియోమోటార్ చర్య అని పేరు పెట్టాడు. 1890లో అమెరికా మనోవైజ్ఞానికుడు విలియం జేమ్స్ ఇంకో అడుగు ముందుకేశాడు. ఒక కదలికను తలుచుకోవడమంటేనే ఆ కదలికను ఎంతో కొంత మొదలుపెట్టడమని ఆయన వాదన. తలుచుకుంటేనే అలా అయితే, కళ్లారా చూస్తే ఏమవుతుంది?

తిరుపతి వాళ్లకు ఘాట్ రోడ్డు రోజూ చూసేదే. 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు కొండ దిగడానికి, 1974లో వచ్చిన రెండోది ఎక్కడానికి. దిగేటప్పుడు జీపులో డ్రైవర్ పక్క సీట్లో కూర్చున్న మనిషి పాదం చూడాలి. మలుపు దగ్గరపడే కొద్దీ కుడి పాదం కింద రేకును గట్టిగా అదుముతుంటుంది. అక్కడ బ్రేకు లేదని ఆయనకు తెలుసు. బండి నడపడం వచ్చిన వాళ్లలో ఇది మరీ ఎక్కువ.

ఈ ఉదాహరణలో ఒక మెలిక ఉంది. డ్రైవర్ బ్రేకు తొక్కడం చూసి ఆయన తొక్కడం లేదు. డ్రైవర్ ఇంకా తొక్కలేదే అన్న టెన్షన్‌తో తొక్కుతున్నాడు. ఒంట్లోకి దిగింది కంటికి కనబడిన కదలిక కాదు, జరగాలని మనసు కోరుకుంటున్న కదలిక. ఈ రెండింటినీ విడదీయడానికి జర్మనీలో వుల్ఫ్‌గాంగ్ ప్రింట్స్ బృందం ఒక కంప్యూటర్ ఆటను వాడింది. ఫలితాలు 2001లో వచ్చాయి. తెర మీద బంతి గురి వైపు దొర్లుతుంటుంది. కాసేపయ్యాక ఆడేవాళ్ల చేతిలో ఏమీ ఉండదు, చూస్తూ కూర్చోవాల్సిందే. అయినా బంతి గురి తప్పేలా ఉంటే చేతులు మెల్లగా కదిలాయి. బంతి పోతున్న వైపుకే కాదు, పోవాల్సిన వైపుకు కూడా. క్యారమ్స్ ఆడేటప్పుడు స్ట్రైకర్ వదిలాక కూడా భుజం ఒక పక్కకు వంగడం అందరికీ అనుభవమే. చూడటం వల్ల వచ్చే కదలికలన్నీ ఒక్క గాటన కట్టకూడదని చెప్పడానికే ఇదంతా.

ఇక చూసిన కదలిక అచ్చంగా ఒంట్లోకి దిగే సంగతి. దీని గురించి ఎవరు మాట్లాడినా మొదట వచ్చే పేరు ఇటలీలోని పార్మా. అక్కడి విశ్వవిద్యాలయంలో జాకొమో రిజొలాటీ బృందం మకాక్ కోతుల మెదడులో, చేతి కదలికలను సిద్ధం చేసే ఒక భాగంలోని నాడీకణాల స్పందనను చప్పుడుగా మార్చి ఒక్కొక్కటిగా వింటూ ఉంది. కోతి చెయ్యి చాచి తిండి అందుకున్నప్పుడు ఒక కణం చప్పుడు చేస్తుంది. అది అనుకున్నదే. కోతి చెయ్యి కదపకుండా కూర్చుని ఉండగా, ప్రయోగం చేసే మనిషి తిండి ముక్కను చేత్తో తీసినప్పుడు కూడా అదే కణం చప్పుడు చేసింది. చేసే కణమే చూసినా మోగుతోంది. 1992లో మొదటి ప్రచురణ వచ్చింది. 1996 నాటికి వీటికి మిర్రర్ న్యూరాన్లు, అంటే అద్దపు నాడీకణాలు, అన్న పేరు స్థిరపడింది.

మనుషుల సంగతి ఇంత నేరుగా తెలుసుకోవడం కుదరదు. 1995లో లూచానో ఫదీగా, ఆయన సహచరులు వేరే దారి పట్టారు. తల మీద తీగచుట్ట ఉంచి, అయస్కాంత శక్తితో మెదడులో చేతిని కదిలించే చోటును క్షణకాలం తడితే చేతి కండరం చిన్నగా ఎగురుతుంది. ఎంత ఎగిరిందో కొలవచ్చు. ఆ మనిషి ఊరికే కూర్చున్నప్పటి కంటే, ఇంకొకరు వస్తువును పట్టుకోవడం చూస్తున్నప్పుడు ఆ ఎగరడం పెరిగింది. అది కూడా ఏ కండరమంటే ఆ కండరంలో కాదు, ఆ వస్తువును తను పట్టుకుంటే ఏ కండరాలు పనిచేస్తాయో వాటిలోనే. బయటికి చెయ్యి కదలలేదు. లోపల మాత్రం కదలడానికి కావలసినదంతా సిద్ధమై ఉంది. 2010లో అమెరికాలో, మూర్ఛ చికిత్స కోసం మెదడులో ఎలక్ట్రోడ్లు అమర్చిన రోగులలో కూడా చేసినప్పుడూ చూసినప్పుడూ స్పందించే కణాలు దొరికాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. మిర్రర్ న్యూరాన్ల మీద గత ముప్పై ఏళ్లలో మోయలేనంత బరువు మోపారు. జాలి, భాష, సంస్కృతి, ఆటిజం, సినిమా చూసి ఏడవడం, అన్నింటికీ అవే కారణమన్న మాటలు వచ్చాయి. డీఎన్‌ఏ జీవశాస్త్రానికి చేసిన మేలును ఇవి మనోవిజ్ఞానానికి చేస్తాయని నాడీశాస్త్రజ్ఞుడు వి.ఎస్. రామచంద్రన్ 2000లో రాశారు. అంత పెద్ద మాట ఇంకా నిలబడలేదు. కోతి చేతి కదలిక గురించి దొరికిన సాక్ష్యాన్ని మనిషి మనసంతటికీ చుట్టబెట్టడం న్యాయం కాదు. ఆ కణాల కంటే, కొలిచి చూపించగల నడవడికే ఎక్కువ గట్టిది. పైగా దాన్ని అర్థం చేసుకోవడానికి మెదడు బొమ్మ కూడా అక్కర్లేదు.

మార్సెల్ బ్రాస్ బృందం 2000లో ప్రచురించిన ప్రయోగాన్ని ఇంట్లో కూర్చుని ఊహించుకోవచ్చు. బల్ల మీద చెయ్యి పెట్టారు. తెర మీద ఒకటి అంకె వస్తే చూపుడువేలు ఎత్తాలి, రెండు వస్తే మధ్యవేలు. అంకెతో పాటు తెర మీద ఒక చెయ్యి కూడా కనబడుతుంది. దాన్ని పట్టించుకోనక్కర్లేదు. కానీ ఆ చెయ్యి చూపుడువేలు ఎత్తే సమయంలోనే మీరూ చూపుడువేలు ఎత్తాల్సి వస్తే వేలు త్వరగా లేస్తుంది. అక్కడ మధ్యవేలు లేస్తుంటే మీ చూపుడువేలు ఆలస్యమవుతుంది. తేడా సెకనులో చాలా చిన్న వంతు, వందో వంతుల లెక్క. కంటికి ఆనదు. మళ్లీ మళ్లీ కొలిస్తే మాత్రం తప్పకుండా కనబడుతుంది. పట్టించుకోవద్దన్నా కన్ను చూస్తుంది, చూసినదాన్ని వేలు వింటుంది.

చేతులతో ఇంకా బాగా తెలుస్తుంది. జేమ్స్ కిల్నర్, ఇవ్ పొలిన్యాన్, సారా జేన్ బ్లేక్‌మోర్ 2003లో కొందరిని నిలబెట్టి చేతిని పైకీ కిందకీ, లేదా అడ్డంగా ఊపమన్నారు. ఎదురుగా ఇంకో మనిషి కూడా చెయ్యి ఊపుతుంటాడు. ఇద్దరూ ఒకే దిశలో ఊపితే ఇబ్బంది లేదు. ఒకరు నిలువుగా, ఒకరు అడ్డంగా ఊపితే చేతి దారి వంకర్లు పోయింది. ఎదుట మనిషికి బదులు రోబో చెయ్యి అదే పని చేస్తే ఆ వంకర్లు రాలేదు. తర్వాత మనిషిలా కదిలే రోబోలతో చేసిన ప్రయోగాల్లో కొంత ప్రభావం కనబడింది. అంటే ఏదో ఒకటి కదిలితే చాలదు. అది మన ఒళ్లు కదిలే తీరులో కదలాలి.

ఇంతగా లోపలికి వచ్చేస్తుంటే చూసినవన్నీ మనం చెయ్యడం లేదేం? మెదడు ముందుభాగం ఆ పనిని ఆపుతూ ఉంటుంది కాబట్టి. ఫ్రాన్స్‌లో ఫ్రాంస్వా లెర్మిత్ అనే నాడీవైద్యుడు 1986లో వర్ణించిన రోగులు దీనికి సాక్ష్యం. మెదడు ముందుభాగం దెబ్బతిన్న వాళ్లు ఎదురుగా ఉన్న డాక్టర్ ఏం చేస్తే అది చేశారు. ఆయన కాలు మీద కాలు వేస్తే వేశారు. అలా చెయ్యమని వాళ్లనెవరూ అడగలేదు. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో ఆ అదుపు నిశ్శబ్దంగా పని చేస్తూనే ఉంటుంది కాబట్టి అది ఉన్నట్టే మనకు తెలియదు.

ఇప్పటిదాకా చెప్పిందాంట్లో చూసే ఒళ్లు ఎవరిదన్న ప్రశ్న రాలేదు. అసలు విషయమంతా అక్కడే ఉంది. ఒకే కదలికను పదిమంది చూస్తే పదిమంది ఒంట్లోకీ అది ఒకేలా దిగదు. ఎంత దిగుతుందన్నది, ఆ పని ఇంతకుముందు ఆ ఒళ్లు ఎంత చేసిందన్న దాని మీద ఆధారపడుతుంది.

శ్రీకాళహస్తిలో కలంకారీ వేసే చోటికి వెళ్తే ఇది కళ్లముందు కనబడుతుంది. కరక్కాయ రసంలో, గేదెపాలలో ముంచి ఆరబెట్టిన బట్ట బల్ల మీద పరిచి ఉంటుంది. పాల కొవ్వు ఉండబట్టే రంగు బట్టలో పాకిపోదు. చింతపుల్ల కాల్చిన బొగ్గుతో లీలగా గీసుకున్న బొమ్మ మీద కలం నడుస్తుంటుంది. కలమంటే మొన చెక్కిన వెదురుపుల్ల, దాని నడుముకు చుట్టిన ఉన్ని, దాన్ని బిగించిన దారం. బెల్లం, తుప్పు ఇనుము నానబెట్టిన నల్లరంగును ఆ ఉన్ని పీల్చుకుంటుంది. వేళ్లతో ఉన్నిని ఎంత నొక్కితే మొనకు అంత రంగు దిగుతుంది. గుర్రం మెడ వంపు దగ్గర గీత సన్నగా మొదలై మధ్యలో లావై మళ్లీ సన్నబడిందంటే, ఆ గీత పొడవునా వేళ్ల నొక్కుడు పెరిగి తగ్గిందని అర్థం.

పక్కన నిలబడి చూసే యాత్రికుడికి కనబడేది చెయ్యి ముందుకు సాగడం. నొక్కుడు కనబడదు. నిజానికి కనబడటానికి అక్కడ ఏమీ లేదు, వేళ్లు కదిలీ కదలనట్టు ఉంటాయి. ఆరునెలలుగా కలం పట్టిన శిష్యుడికి మాత్రం అది కనబడుతుంది. గీత లావయ్యే ముందు గురువు బొటనవేలి గోరు కాస్త తెల్లబడటం వాడి కంటికి ఆనుతుంది, ఎందుకంటే అక్కడ నొక్కాలని వాడి బొటనవేలికి తెలుసు.

ఇది ఊహ మాత్రమే కాదు. 2005లో బియాత్రిస్ కాల్వో మెరినో, ఆమె సహచరులు లండన్‌లో బాలే నర్తకులకు, బ్రెజిల్ యుద్ధనృత్యమైన కపొయెరా చేసేవాళ్లకు, ఏ నృత్యమూ రాని వాళ్లకు ఒకే వీడియోలు చూపించి మెదడు స్కాన్ తీశారు. ఎవరికి వచ్చిన నృత్యం వాళ్లు చూసినప్పుడు, కదలికలను సిద్ధం చేసే భాగాలు ఎక్కువగా పని చేశాయి. బాగా అలవాటైన దృశ్యం కాబట్టి అలా అయ్యిందేమో అన్న అనుమానం రావడం సహజం. దాన్ని తీర్చడానికి మరుసటి ఏడాది ఇంకో ప్రయోగం చేశారు. బాలేలో కొన్ని కదలికలు మగవాళ్లే చేస్తారు, కొన్ని ఆడవాళ్లే చేస్తారు. ఒకేచోట సాధన చేస్తారు కాబట్టి రెండు రకాలనూ ఇద్దరూ రోజూ చూస్తూనే ఉంటారు. అయినా ఎవరు చేసే కదలికకు వాళ్ల మెదడే ఎక్కువ స్పందించింది. ఏళ్ల తరబడి చూడటం ఒకటి, చెయ్యడం ఒకటి. ఒంట్లోకి దిగే దారి చెయ్యడం వల్లే పడుతోంది.

2008లో సాల్వతోరె అలియోటి బృందం బాస్కెట్‌బాల్‌తో ఇదే మాటను ఇంకో వైపు నుంచి చెప్పింది. ఒకరు బంతిని బుట్టలోకి విసురుతున్న వీడియోను మధ్యలో ఆపేసి, బంతి పడుతుందా తప్పుతుందా అని అడిగారు. ఆటగాళ్లు, ఎన్నో ఏళ్లుగా ఆట చూసిన కోచ్‌లు, క్రీడా విలేకరులు, ఆట తెలియని వాళ్లు అందరూ చెప్పారు. బంతి ఇంకా చెయ్యి వదలకముందే, ఒంటి తీరును బట్టి బాగా చెప్పింది ఆటగాళ్లు. గురి తప్పే విసురు చూస్తున్నప్పుడు సరిగ్గా ఆ క్షణానికి చిటికెనవేలిని కదిలించే కండరంలో స్పందన పెరిగింది కూడా ఆటగాళ్లలోనే. కోచ్‌ల కన్ను తక్కువదేం కాదు. వాళ్లు ఆలోచించి చెబుతున్నారు, ఆటగాడికి వేలు చెబుతోంది.

మరి ఈ దారి పుట్టుకతో వచ్చిందా, పుట్టాక పడిందా? దీని మీద వాదన ఇంకా నడుస్తోంది. 1977లో ఆండ్రూ మెల్ట్‌జాఫ్, కీత్ మూర్ రెండు మూడు వారాల పసికందులు పెద్దవాళ్లను చూసి నాలుక బయటపెట్టారని రాశారు. చాలా ఏళ్లు అదే పాఠంగా చలామణి అయింది. 2016లో ఆస్ట్రేలియాలో 106 మంది శిశువులను వారాల తరబడి గమనించిన పరిశోధనలో అలాంటి అనుకరణకు సాక్ష్యం దొరకలేదు. ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన సిసీలియా హేయిస్ చెప్పే వివరణ వేరు. బిడ్డ తన చెయ్యి కదపడం, ఆ కదిలే చేతిని తనే చూడటం ఒకేసారి జరుగుతుంటాయి. బిడ్డ నవ్వితే తల్లి నవ్వుతుంది, అమ్మమ్మ కూడా అదే చేస్తుంది. చేసినదీ చూసినదీ ఇలా వేలసార్లు జతపడి ముడి పడతాయి. ఆ ముడినే మనం అద్దం అంటున్నాం.

ముడి అయితే విప్పి వేరేలా వెయ్యగలగాలి. 2007లో కారొలిన్ కాట్‌మర్, విన్సెంట్ వాల్ష్‌లతో కలిసి హేయిస్ సరిగ్గా అదే చేశారు. తెర మీద చూపుడువేలు కదిలితే చిటికెనవేలు, చిటికెనవేలు కదిలితే చూపుడువేలు కదపమని కొందరికి సాధన చేయించారు. ఆ తర్వాత ఊరికే చూపుడువేలి కదలిక చూపించి కొలిస్తే, ఎక్కువ స్పందించింది చిటికెనవేలి కండరం. అద్దం తిరగబడింది. పుట్టుక వాదాన్ని ఇది పూర్తిగా కొట్టెయ్యకపోవచ్చు. సాధన పాత్ర ఎంత పెద్దదో చూపించడానికి మాత్రం ఇంతకంటే సూటి ప్రయోగం ఉండదు.

నృత్యం నేర్పే గురువులకు ఈ తిరగేసిన అద్దం రోజువారీ పని. తిరుపతిలో నాట్యం నేర్పే చోట్ల చూడొచ్చు. చిన్నపిల్లల తరగతిలో గురువు ఎదురుగా నిలబడితే, తన ఎడమ చెయ్యి చాపుతూ నోటితో "కుడి చెయ్యి" అంటారు. పిల్లలకు అద్దంలో చూసినట్టు చెయ్యడమే సులువు కాబట్టి ఆ కష్టమంతా గురువే పడతారు. కొందరు ఈ గొడవ లేకుండా పిల్లలకు వీపు చూపించి చేస్తారు, అయితే అప్పుడు ముఖంలో భావం కనబడదు. ఫోన్ చూసి నేర్చుకునే వాళ్లకు మూడో తంటా ఉంది. కొన్ని వీడియోల్లో బొమ్మ అద్దంలోలా కుడి ఎడమలు మారి ఉంటుంది, కొన్నింట్లో ఉండదు. ఏది ఏదో తెలియక తప్పు చేత్తో నెలల తరబడి సాధన చేస్తే ఆ ముడి విప్పడం కష్టం.

చూసి నేర్చుకోమని పెద్దలు చెప్పే మాటకు కొలతలతో కూడిన ఆధారం 2005లో వచ్చింది. కెనడాలో ఆండ్రూ మాటర్, పాల్ గ్రిబుల్ ఒక యంత్రం పిడి పట్టుకుని గురి వైపు కదపమన్నారు. యంత్రం చేతిని పక్కకు నెడుతుంది. మొదట్లో చెయ్యి వంకరపోతుంది, మెల్లగా ఆ నెట్టుడుకు సర్దుకుంటుంది. ఇంకొకరు ఇలా నేర్చుకుంటున్న వీడియోను చూసిన వాళ్లు, తమ వంతు వచ్చినప్పుడు మొదటి నుంచే మెరుగ్గా చేశారు. వేరే దిశలో నెట్టుడుకు అలవాటు పడుతున్న వాళ్లను చూసినవాళ్లు మరీ అధ్వానంగా చేశారు. అసలు విశేషం దీని తర్వాత ఉంది. వీడియో చూస్తూ మనసులో లెక్కలు కట్టిన వాళ్లకు కూడా లాభం దక్కింది. చూస్తూ తమ చేతిని వేరే పనికి కదిపిన వాళ్లకు ఆ లాభం చాలావరకు పోయింది. చూసి నేర్చుకోవాలంటే చెయ్యి ఖాళీగా ఉండాలన్నమాట. మనసు అటూ ఇటూ పోయినా పర్వాలేదు.

పని నేర్పే చోట్ల ఇది పట్టించుకోవాల్సిన విషయం. చేతులు ఒళ్లో పెట్టుకుని గురువు పక్కన కూర్చున్న కుర్రాణ్ణి చూస్తే, ఊరికే కూర్చున్నాడనిపించి ఏదో ఒక పని పురమాయిస్తాం. రంగు నూరమంటాం, బట్ట ఉతకమంటాం. ఆ పనులూ కావాల్సినవే. కానీ గురువు కష్టమైన గీత గీస్తున్న పది నిమిషాలు వాడి చేతుల్ని వాడికి వదిలెయ్యడం మంచిది.

పక్షవాతం వచ్చి చెయ్యి పడిపోయిన వాళ్లకు చేసే ఒక చికిత్సా పద్ధతి ఈ ఆధారం మీదే నిలబడింది. కప్పు ఎత్తడం, తలుపు తియ్యడం లాంటి రోజువారీ పనుల వీడియోను రోగి శ్రద్ధగా చూస్తాడు, వెంటనే అదే పనిని తన చేత్తో ప్రయత్నిస్తాడు. ఇది మామూలు ఫిజియోథెరపీకి బదులు కాదు, దానికి తోడు. ఇంట్లో వాళ్లు డాక్టర్‌ను అడిగి చెయ్యగలిగిన పని కూడా. రోగి ఎదురుగా కూర్చుని, తొందరపడకుండా, ఆయనకు ముందు నుంచీ అలవాటైన పనినే చేసి చూపించాలి. జీవితమంతా కొడవలి పట్టిన చేతికి కంప్యూటర్ మౌస్ వీడియో కంటే కొడవలి పిడి పట్టుకోవడమే దగ్గర.

ఇప్పటిదాకా ఒకరిని ఒకరు చూడటం. గుంపులో ఏమవుతుందో చూడాలంటే తెల్లవారుజామున అలిపిరి పాదాల మండపం దగ్గర నిలబడాలి. అక్కడి నుంచి తిరుమలకు దాదాపు 3,550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్ల దారి. ఒకరు మొదటి మెట్టుకు పసుపు కుంకుమ పెట్టడం మొదలుపెడితే, వెనక వచ్చే వాళ్లలో ఆ మొక్కు లేనివాళ్లు కూడా వంగి మెట్టును తాకి కళ్లకద్దుకుంటారు. ఒకరు ఆగి వెనక్కి తిరిగి ఊరిని చూస్తే ఇంకో నలుగురు ఆగుతారు. 1969లో స్టాన్లీ మిల్‌గ్రామ్ బృందం న్యూయార్క్ వీధిలో ఇలాంటిదే లెక్కపెట్టింది. ఒక మనిషి నిలబడి పై అంతస్తు కిటికీ వైపు చూస్తే, దారిన పోయే వాళ్లలో నూటికి 4 మంది ఆగారు, 42 మంది తల ఎత్తి చూశారు. పదిహేనుమంది నిలబడి చూస్తే 40 మంది ఆగారు, 86 మంది తల ఎత్తారు.

అడుగుల లయ ఇంతకంటే లోతైనది. మైకేల్ రిచర్డ్‌సన్ బృందం 2007లో ఇద్దరిద్దరిని పక్కపక్కన ఊగే కుర్చీల్లో కూర్చోబెట్టి, ఎవరి ఇష్టమొచ్చినట్టు వాళ్లను ఊగమంది. ఒకరినొకరు చూసుకుంటున్నంతసేపూ వాళ్ల ఊపులు కలిసిపోయాయి. కుర్చీల బరువు మార్చి సహజంగా కలవకుండా చేసినా కలవడానికే మొగ్గాయి. బ్రహ్మోత్సవాలప్పుడు మాడ వీధుల్లో వాహనం ముందు కోలాటం వేసే బృందాల లయ సాధనతో వచ్చింది. ఆ పక్కన తాడు అవతల నిలబడ్డ జనం తల ఊపు, చేతి తాళం ఎవరూ నేర్పకుండానే దానితో కలుస్తాయి.

అలిపిరి మెట్ల మీద ఈ కలయిక సాయమూ చేస్తుంది, చేటూ చేస్తుంది. గోవింద నామంతో ఒకే నడకన పోయే గుంపులో ఉన్నవాళ్లకు ఎంత ఎక్కామన్నది తెలియదు. ఒంటరిగా అయితే ఎప్పుడో కూర్చుండిపోయే మనిషి ఇంకో వంద మెట్లు ఎక్కుతాడు. చేటు గాలిగోపురం లోపే వస్తుంది. నిలువు మెట్లు ఎక్కువగా ఉన్నది ఆ భాగంలోనే. ముందర ఇరవై ఏళ్ల కుర్రాళ్లు చకచకా ఎక్కుతుంటే, చూపు వాళ్ల మడమల మీద ఉన్న యాభై అయిదేళ్ల మనిషి కాళ్లు తెలియకుండానే ఆ లయ అందుకుంటాయి. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు అని మనకో సామెత ఉంది. ఆ నక్క కావాలని పెట్టుకుంది. ఈయన అలా అనుకోలేదు, పోటీ కూడా పడటం లేదు. చూపు అక్కడ ఉంది కాబట్టి అడుగు అక్కడికి పోయింది, అంతే. మోకాళ్ల పర్వతం చేరేసరికి మోకాలు చెబుతుంది. అందుకే మోకాళ్ల నొప్పులున్న వాళ్లు మెల్లగా ఎక్కే వాళ్ల వెనక నడవడం, లేదా చూపును పక్కనున్న చెట్ల మీదో తమ పాదాల ముందున్న మెట్టు మీదో ఉంచుకోవడం మేలు. నిదానంగా ఎక్కాలని మనసులో ఎన్నిసార్లు అనుకున్నా, ఎదురుగా పరుగెత్తే కాళ్లు కనబడుతున్నంతసేపూ ఆ నిర్ణయానికి పని పడుతూనే ఉంటుంది.

ఇక కాణిపాకం అవ్వకు బాకీ ఉన్న సంగతి. చెవుల ప్రయోగంలో రెండో భాగంలో పరిశోధకులు ఒకే ఒక్క మార్పు చేశారు. పెద్దమనిషి రెండు చెవుల మధ్య మార్చడం మానేసి, ప్రతిసారీ ఒకే చెవిని పట్టుకున్నాడు. చెయ్యి మాత్రం మారుతుంది. అప్పుడు పిల్లల తప్పులు దాదాపు మాయమయ్యాయి. ఏ చెవి అన్నది ముందే తేలిపోవడంతో, వాళ్ల చూపు చేతికి దొరికింది. గుంజీళ్లలో రెండు చేతులూ ఒకేసారి కదులుతాయి కాబట్టి ఇది అచ్చంగా అదే లెక్క కాదు. అయినా చేసి చూడొచ్చు. వంగి లేవడం కాసేపు పక్కన పెట్టి, మనవడికి ఒక్క చెవే చూపించాలి. అదే చెవిని ఈ చేత్తో ఒకసారి, ఆ చేత్తో ఒకసారి పట్టుకోవాలి. వాడి చెయ్యి ముఖం ముందు నుంచి దాటి అవతలి చెవిని అందుకున్నాక, అది అక్కడే ఉండగా రెండో చేతికి పని చెప్పాలి.